తేనెటీగలకి చక్కెర నీళ్ళు: ఎప్పుడు పెట్టాలి, ఎట్లా పెట్టాలి, ఎప్పుడు ఆపాలి

ఆగస్టు వచ్చిందంటే చాలు, కొత్తగా తేనె పెట్టెలు పెట్టుకున్నవాళ్ళ దగ్గర్నుంచి ఒకటే ఫోన్లు. "అన్నా, చక్కెర నీళ్ళు పెట్టాలా వద్దా? పెడితే ఎంత?" ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు ఇది, అందుకే కూర్చుని రాస్తున్నా. మాది నంద్యాల వైపు, పెట్టెలు ఇరవై చిల్లర ఉన్నాయి, సగం మన పుట్ట తేనెటీగలు (మన దేశపు రకం), సగం ఇటాలియన్వి (బయటి దేశపు రకం). ఇన్నేళ్ళలో చక్కెర పెట్టి బతికించుకున్న పెట్టెలూ ఉన్నాయి, చక్కెర పెట్టి చేతులారా చంపుకున్న పెట్టెలూ ఉన్నాయి, రెండూ చెప్తా.

ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి. చక్కెర నీళ్ళు ఈగలకి అన్నం కాదు, సెలైన్ బాటిల్ లాంటిది. నీరసపడి పడిపోయినోడికి సెలైన్ ఎక్కిస్తే లేచి కూర్చుంటాడు, నిజమే, కానీ రోజూ అదే ఎక్కిస్తా పోతే కండ పడుతుందా? పడదు కదా. ఇదీ అంతే.

మకరందంలో కూడా ఉండేది ఎక్కువ చక్కెరలే, సుక్రోజ్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, మిగతాది నీళ్ళు. మన కిరాణా కొట్టు తెల్ల చక్కెర అంటే ఉత్త సుక్రోజ్. దాన్ని ఈగ తాగి, తన తలలో ఉండే గ్రంథుల నుంచి వచ్చే ఎంజైమ్ కలిపి, గ్లూకోజ్‌గా ఫ్రక్టోజ్‌గా విడగొట్టి, రెక్కలతో విసిరి నీళ్ళు ఆవిరి చేసి గదుల్లో దాచుకుంటుంది. కాబట్టి శక్తి వరకు చూస్తే చక్కెరకీ తేనెకీ పెద్ద తేడా లేదు, ఎగరడానికి, గూడు వేడిగా ఉంచుకోవడానికి ఇదీ పనికొస్తుంది. తేడా ఉండేది మిగతా చిన్నా చితకా సరుకులో. తేనెలో కొంచెం ఖనిజాలు, అమైనో ఆమ్లాలు, పువ్వు నుంచి పుప్పొడి నుంచి వచ్చిన రకరకాల పదార్థాలు ఉంటాయి, చక్కెరలో ఆ ఊసే లేదు. 2013లో అమెరికాలో ఇల్లినాయ్ యూనివర్సిటీ వాళ్ళు ఒక సంగతి బయటపెట్టారు, పుప్పొడి నుంచి తేనెలోకి వచ్చే పి-కౌమారిక్ యాసిడ్ అనే పదార్థం ఈగ ఒంట్లో విషాలని విరగ్గొట్టే జీన్లని మేల్కొలుపుతుంది అని. అదే యూనివర్సిటీలో మరుసటి ఏడాది ఇంకో పనిలో, తేనె తిన్న ఈగల్లోనూ చక్కెర తిన్న ఈగల్లోనూ జీన్లు పనిచేసే తీరే వేరుగా ఉందని చూపించారు. ఇది మనకెందుకయ్యా అంటారా, మన చుట్టూ పత్తి ఉంది, మిరప ఉంది, వారానికో మందు కొడతారు, ఆ మందు తట్టుకునే బలం ఈగకి తేనెలోంచి కొంత వస్తుంటే, ఆ తేనె మొత్తం మనం పిండేసుకుని బదులు చక్కెర పోస్తే ఆ బలం పోయినట్టే కదా.

అందుకని అసలు పద్ధతి చక్కెర పెట్టడం కాదు, తేనె వదలడం. మే, జూన్‌లో చింత పూత అయిపోయాక ఆఖరిసారి తేనె తీసేటప్పుడు ఇటాలియన్ పెట్టెకి ఈగలు మైనంతో సీల్ వేసిన తేనె ఫ్రేములు (పట్టు కట్టుకునే చెక్క చట్రాలు) రెండు మూడు ముట్టుకోకుండా వదిలేయండి. పెద్ద ఫ్రేము నిండా ఉంటే రెండు కిలోల పైనే తేనె ఉంటుంది. మన పుట్ట ఈగలైతే కింద పిల్ల గదిలో పట్టు పైఅంచున ఉండే తేనె జోలికి అసలు పోవద్దు, పై గదిలోది మాత్రమే, అదీ మొత్తం కాకుండా తీసుకోండి. నేను మొదటి రెండేళ్ళు ఆశకి పోయి గీకి గీకి తీసి, జూలైలో చక్కెర మూట మోసుకుంటూ తిరిగా. లెక్క వేస్తే ఆ తేనె అమ్మిన డబ్బులో బాగానే చక్కెర కొట్టువాడికి పోయింది, పైగా పెట్టెలు బలహీనపడి తర్వాత సీజన్ ఆలస్యం.

సరే, వదిలినా చాలని రోజులు వస్తాయి. వాన పట్టుకుని పది రోజులు ఈగ బయటికి పోలేదు, లేదా వానే రాక పువ్వే లేదు, లేదా కొత్తగా గుంపు పట్టి పెట్టెలో వేశారు, ఇట్లాంటప్పుడు పెట్టాల్సిందే, అప్పుడు "నేచురల్‌గా ఉండనీ" అని చేతులు కట్టుకుని కూర్చుంటే ఈగలు చస్తాయి, అంతే. మన పుట్ట ఈగలైతే చావను కూడా చావవు, ఒకరోజు పొద్దున్నే చూస్తే పెట్టె ఖాళీ, ఆకలి ఎక్కువైతే గూడు వదిలి లేచి పోవడం వాటి గుణం, ఇటాలియన్ ఈగల్లో ఇది చాలా తక్కువ.

ఆకలి ఎట్లా తెలుస్తుంది? మూత తీయకముందే పెట్టె వెనక భాగం ఒక చేత్తో కొంచెం లేపి చూడండి, బరువు చేతికి అలవాటవుతుంది, నాలుగు పెట్టెలు లేపితే ఏది తేలికో మీకే తెలుస్తుంది. తర్వాత మూత తీసి పిల్లల ఫ్రేము చూడండి. పిల్లల చుట్టూ పైన వంపుగా తేనె ఉండాలి, ఆ తేనెకీ పిల్లలకీ మధ్యలో రంగురంగుల పుప్పొడి గదులు ఉండాలి. తేనె వంపు లేకపోతే డేంజర్ మొదలైనట్టు. ఇంకా లోతుగా చూడాలంటే చిన్న పురుగుల్ని, అంటే గుడ్డులోంచి వచ్చిన ఈగ పిల్లల్ని చూడండి, బాగా తింటున్న పురుగు తెల్లటి పాల లాంటి జెల్లీలో తేలుతూ మెరుస్తా ఉంటుంది, ఆకలి పెట్టెలో పురుగు గది అడుగున పొడిగా అంటుకుని ఉంటుంది. పోతు ఈగల్ని వాకిలి దగ్గర ఈడ్చి పారేస్తున్నాయి, గుడ్లు ఉన్నాయి గానీ పెద్ద పురుగులు కనపడట్లేదు అంటే పిల్లల్నే తినేస్తున్నాయని అర్థం. ఆఖరి దశలో ఈగలు గదుల్లోకి తల దూర్చి, తోక బయటికి పెట్టి అట్లాగే చచ్చి ఉంటాయి, అది చూసినప్పుడు మాత్రం మనసు చాలా బాధగా ఉంటుంది.

ఆ స్థితిలో ఇంకా కొన్ని కదులుతుంటే ఫీడర్ (చక్కెర నీళ్ళు పోసే గిన్నె) పెట్టి లాభం లేదు, అక్కడిదాకా నడిచే ఓపిక వాటికి ఉండదు. గోరువెచ్చని చక్కెర నీళ్ళు స్ప్రే బాటిల్‌లో పోసి ఈగల మీద, పక్కన ఖాళీ గదుల మీద సన్నగా కొట్టండి, పావుగంటలో ఒకదాన్నొకటి నాకి లేస్తాయి, ఆ తర్వాత ఫీడర్. ఇట్లా ఒక పెట్టెని నేను పూర్తిగా పోయిందనుకున్న స్టేజిలో తిరిగి తెచ్చుకున్నా.

ఇక పాకం. పాకం అన్నా గానీ పాకం పట్టొద్దు! తెల్ల చక్కెర మాత్రమే, వేరే ఏదీ వద్దు. నేను మొదటి ఏడు బెల్లం మంచిది కదా, ఐరన్ ఉంటది కదా అని బెల్లం నీళ్ళు పోశా. మనకి మంచిదే, ఈగకి కాదు. బెల్లంలో, ముదురు చక్కెరలో ఉండే మడ్డి, ఖనిజాలు వాటికి అరగవు, కడుపు నిండిపోయి విరేచనాలు పట్టుకుంటాయి. ఈగ మామూలుగా గూట్లో గలీజు చేయదు, బయటికి ఎగిరి పోయి చేస్తుంది, వాన రోజుల్లో బయటికి పోలేక లోపలే పెట్టేస్తే ఫ్రేముల మీద పసుపు గోధుమ రంగు చారలు, దాంతో రోగం ఒకదాన్నుంచి ఒకదానికి అంటుకోవడం. మూడు పెట్టెలు పోయాయి నావి ఆ ఏడు. అట్లాగే మాడిన చక్కెర, స్వీటు షాపులో మిగిలిన జీరా పాకం, ఐసింగ్ షుగర్ (అందులో పిండి కలుపుతారు), ఇవేవీ వద్దు.

ఇంకో అలవాటు, నిమ్మకాయ పిండడం. చక్కెరని ముందే విడగొడితే ఈగకి శ్రమ తగ్గుతుంది అని యూట్యూబ్‌లో చెప్తారు, వినడానికి బాగానే ఉంటుంది. పులుపు వేసి మరిగిస్తే చక్కెర విడిపోతుంది నిజమే, దాంతోపాటే హెచ్ఎంఎఫ్ అనే పదార్థం కూడా తయారవుతుంది, అది ఈగ పేగుకి విషం. మనుషులు తినే తేనెలో కూడా దానికి లిమిట్ ఉంది, మన ఫుడ్ సేఫ్టీ వాళ్ళ రూల్ ప్రకారం కిలోకి 80 మిల్లీగ్రాములు దాటకూడదు. డబ్బాల్లో దొరికే రెడీమేడ్ ఫ్రక్టోజ్ సిరప్‌లకీ ఇదే ఇబ్బంది, 2009లో అమెరికా వ్యవసాయ శాఖ సైంటిస్టులు మొక్కజొన్న ఫ్రక్టోజ్ సిరప్‌ని పరీక్షించి చూస్తే వేడి 49 డిగ్రీల దగ్గరికి పోయేసరికి హెచ్ఎంఎఫ్ ఒక్కసారిగా పెరిగింది. మన ఊళ్ళో మే నెలలో రేకుల షెడ్డులో పెట్టిన క్యాను ఎంత వేడెక్కుతుందో మీకు చెప్పక్కర్లేదు. కాబట్టి చీప్‌గా వస్తుందని సిరప్ క్యాన్లు కొనొద్దు, విడగొట్టే పని ఈగ చూసుకుంటుంది.

తయారీ చాలా సింపుల్. నీళ్ళు మరిగించండి, స్టవ్ ఆపేయండి, ఆపాకే చక్కెర పోసి కరిగేదాకా కలపండి, చల్లారనివ్వండి. కిలో చక్కెరకి లీటరు నీళ్ళు పోస్తే దాదాపు లీటరున్నర పైన, 1.6 లీటర్ల దాకా సిరప్ వస్తుంది, ఇది పలచటి సిరప్. రెండు కిలోలకి లీటరు నీళ్ళు పోస్తే చిక్కటి సిరప్. రెండింటికీ పని వేరు వేరు, ఇక్కడే చాలామంది తికమక పడతారు.

పలచటిది మకరందం లాగా ఉంటుంది, కొంచెం కొంచెం రోజూ లోపలికి వస్తుంటే ఈగలు "బయట పూత మొదలైంది" అనుకుంటాయి, రాణికి బాగా తినిపిస్తాయి, రాణి గుడ్లు పెంచుతుంది. అంటే పెట్టె జనాభా పెంచుకోవడానికి ఇది. చిక్కటిది దాచుకోవడానికి, తక్కువ శ్రమతో గదుల్లో నింపేసుకుంటాయి, అంటే నిల్వకి. ఇంకో సంగతి ఏంటంటే చక్కెరని విడగొట్టే ఆ ఎంజైమ్ వచ్చే గ్రంథులూ, చిన్న వయసు ఈగల్లో పిల్లలకి జెల్లీ తయారు చేసే గ్రంథులూ ఒకటే, వయసుని బట్టి పని మారుతుంది. అవి పనిచేయాలంటే ఒంట్లో ప్రోటీన్ ఉండాలి. కాబట్టి రెండు ఫ్రేముల ఈగలు మాత్రమే మిగిలిన నీరసపు పెట్టెలో ఒకేసారి మూడు లీటర్లు గుమ్మరిస్తే అది సాయం కాదు, ముసలోడి నెత్తిన బస్తా పెట్టినట్టు. అట్లాంటి పెట్టెకి కొంచెం కొంచెం పెట్టాలి, లేకపోతే రోగం ఏమీ లేదని చూసుకుని ఇంకో పెట్టెతో కలిపేయాలి.

నేను పెట్టే లెక్క చెప్తా, మీ పెట్టెల్ని బట్టి మార్చుకోండి. పువ్వు లేని నెలల్లో బతకడానికి మాత్రమే అయితే పుట్ట ఈగల పెట్టెకి ఒకసారికి పావు లీటరు, ఇటాలియన్‌కి అర లీటరు, వారానికి రెండుసార్లు. ఒక్క రాత్రిలో తాగేసేంతే పోయాలి. పొద్దున చూస్తే ఇంకా మిగిలి ఉందంటే ఎక్కువైందన్నమాట, మిగిలింది తీసి పారేయండి. మన ఎండకి పలచటి సిరప్ రెండు మూడు రోజుల్లో పులిసిపోతుంది, కల్లు వాసన వస్తుంది, అది తాగితే మళ్ళీ విరేచనాలే. ఎక్కువ పోస్తే ఇంకో నష్టం కూడా ఉంది, పిల్ల గదిలో ఖాళీగా ఉన్న ప్రతి గదిలో సిరప్ నింపేస్తాయి, రాణికి గుడ్డు పెట్టడానికి చోటు ఉండదు. పెట్టె బరువుగా ఉంటుంది, మనం బాగుందనుకుని మురిసిపోతాం, లోపల పిల్లలు ఉండరు, నెల తిరిగేసరికి ముసలి ఈగలు రాలిపోయి పెట్టె పలచబడుతుంది.

ఫీడర్ కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. ఎండు కొబ్బరి చిప్ప చాలు పుట్ట ఈగలకి, ఖాళీ పై గదిలో ఫ్రేముల మీద పెట్టి, సిరప్ పోసి, పైన నాలుగు పుల్లలో కొబ్బరి పీచో తేలేటట్టు వేయాలి, లేకపోతే ఈగలు పడి మునిగి చస్తాయి. ఇటాలియన్‌కి గాజు సీసా మూతకి సన్న మేకుతో ఏడెనిమిది బెజ్జాలు కొట్టి తలకిందులుగా బోర్లిస్తే సరిపోతుంది, మొదట నాలుగు చుక్కలు కారి తర్వాత ఆగిపోవాలి, ఆగకుండా కారుతుంటే బెజ్జం పెద్దదైందని. ఫ్రేము ఆకారంలో ఉండే ఫీడర్ డబ్బాలు కూడా దొరుకుతాయి, నిల్వకి చిక్కటి సిరప్ పెట్టేవాళ్ళకి అవి బాగుంటాయి.

ఎప్పుడు పెట్టాలి? పొద్దు కూకినాక. ఇది మాత్రం ఖచ్చితం. ఒకసారి మధ్యాహ్నం పూట, ఎవరు ఒక్కో పెట్టె తెరుస్తారు లే అని బద్ధకించి, పెద్ద బేసిన్‌లో సిరప్ పోసి తోటలో మధ్యన పెట్టా. అరగంట పండగ. ఆ తర్వాత బేసిన్ ఖాళీ అయింది, ఈగలకి మాత్రం ఆశ ఆగలేదు, ఎక్కడ తీపి ఉందా అని వెతుక్కుంటూ పక్క పెట్టెల మీద పడ్డాయి. ఇటాలియన్ ఈగలు పుట్ట ఈగల పెట్టె మీద పడి దోచుకుంటుంటే చూడాలి, వాకిట్లో ఒకదాన్నొకటి పట్టుకుని దొర్లుతాయి, నల్లగా నున్నగా అయిన ఈగలు సందుల్లోంచి దూరతాయి, సాయంత్రానికి గూడు మొత్తం చించి పెట్టాయి, రాణి చచ్చిపోయింది. పైగా ఇట్లా అందరికీ ఒకే గిన్నె పెడితే మీ ఈగలే కాదు ఊళ్ళో ఉన్న ఈగలన్నీ వస్తాయి, బలంగా ఉన్నవి తాగుతాయి, ఆకలితో ఉన్నవి మిగిలిపోతాయి, రోగం ఉంటే అందరూ పంచుకుంటారు.

కాబట్టి లోపలే పెట్టాలి, చీకటి పడ్డాక పెట్టాలి, ఒకే రోజు అన్ని పెట్టెలకీ పెట్టాలి, పెట్టేముందు వాకిలి రెండు మూడు ఈగలు పట్టేంతకి తగ్గించాలి, బయట చుక్క ఒలికితే నీళ్ళు పోసి కడిగేయాలి. స్టాండు కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు, అందులో కొంచెం వాడేసిన ఇంజన్ ఆయిల్. లేకపోతే మీరు పెంచేది తేనెటీగల్ని కాదు, చీమల్ని. దోపిడీ మొదలైపోయిందనుకోండి, వాకిలి ఇంకా బిగించి, తడి గోనెపట్ట కప్పి, కుదిరితే ఆ రాత్రికే ఆ పెట్టెని కొన్ని కిలోమీటర్లు దూరం తీసుకుపోండి.

ఇంకో మాట, తేనెటీగలకి తేనే కదా మంచిది అని బజార్లో తేనె సీసా కొని పోయొద్దు. ఏ రోగం ఉన్న గూట్లోంచి వచ్చిందో తెలియదు. ఫౌల్‌బ్రూడ్ అనే పిల్లల కుళ్ళు రోగం విత్తనాలు తేనెలో ఏళ్ళ తరబడి బతికే ఉంటాయి. మన పుట్ట ఈగలకి థాయ్ శాక్‌బ్రూడ్ వైరస్ ఎంత పని చేసిందో పాతవాళ్ళని అడగండి, 1991-92లో దక్షిణాది మొత్తం పెట్టెలకి పెట్టెలు ఊడ్చిపెట్టుకు పోయాయి. పురుగు నీళ్ళ సంచిలా ఉబ్బి తల పైకెత్తి చచ్చి ఉంటుంది, అది కనపడిన పెట్టె ఫీడర్ గానీ ఫ్రేము గానీ ఇంకో పెట్టెలో పెట్టకండి. చక్కెర నీళ్ళు దానికి మందు కాదు. నోటితో చెప్పే చిట్కాలు చాలా ఉన్నాయి, పసుపు వేయమని ఒకరు, యాంటీబయాటిక్ మాత్ర పొడి చేసి కలపమని ఒకరు. ఆ రెండోది అసలు వద్దు, వైరస్‌కి అది పనిచేయదు, తేనెలోకి వస్తుంది, యూరప్ వాళ్ళు 2010లో మన దేశపు తేనెని ఆపేసింది ఇట్లాంటి అవశేషాల గొడవతోనే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తా, నా ఉద్దేశంలో చక్కెర వల్ల జరిగే నష్టాల్లో సగం చక్కెర తప్పు కాదు, పుప్పొడి లేకుండా చక్కెర పెట్టడం వల్ల. పలచటి సిరప్ పడగానే రాణి గుడ్లు పెడుతుంది కదా, ఆ గుడ్లు పురుగులవుతాయి, వాటికి జెల్లీ కావాలి, జెల్లీకి ప్రోటీన్ కావాలి, ప్రోటీన్ వచ్చేది పుప్పొడి నుంచే, చక్కెరలో అది సున్నా. బయట పుప్పొడి లేకపోతే కూలి ఈగలు తమ ఒంట్లో దాచుకున్నది కరిగించి పెడతాయి, అదీ అయిపోతే పురుగుల్ని తినేస్తాయి. బయటికి వచ్చిన కొత్త ఈగలు కూడా చిన్నగా, తక్కువ ఆయుష్షుతో ఉంటాయి. అన్నం లేకుండా పెళ్ళికి పిలుపులు పంచినట్టు అన్నమాట.

అందుకే సిరప్ పెట్టేముందు పొద్దున ఎనిమిది నుంచి పది మధ్యలో వాకిలి దగ్గర పది నిమిషాలు కూర్చోండి. లోపలికి వచ్చే ఈగల్లో కాళ్ళకి పుప్పొడి ముద్దలు ఉన్నవి ఎన్ని? బాగానే వస్తున్నాయంటే మీకు చక్కెర మాత్రమే చాలు. మా వైపు వానాకాలంలో సజ్జ, జొన్న, మొక్కజొన్న పూత మీద ఉన్నప్పుడు మకరందం లేకపోయినా పుప్పొడి దొరుకుతుంది, ఆ వారాల్లో పెట్టిన సిరప్‌కి వచ్చే ఫలితమే వేరు. అస్సలు రావట్లేదంటే, గుడ్లు పెంచే పని పెట్టుకోకండి, బతకడానికి సరిపడా పెట్టి ఊరుకోండి, లేకపోతే పుప్పొడికి బదులు పిండి పెట్టండి.

ఆ పిండికి పాత ఫార్ములా ఒకటుంది, నూనె తీసిన సోయా పిండి మూడు పాళ్ళు, బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) ఒక పాలు, వెన్న తీసిన పాలపొడి ఒక పాలు. దీన్ని చిక్కటి సిరప్‌తో చపాతీ పిండి కన్నా కొంచెం మెత్తగా కలిపి, వంద గ్రాముల బిళ్ళలు చేసి, పిల్లల ఫ్రేముల మీద నేరుగా పెట్టి, ఎండిపోకుండా పైన బటర్ పేపర్ వేయాలి. సోయా పచ్చిది వద్దు, అందులో ప్రోటీన్‌ని అరగనివ్వని పదార్థాలు ఉంటాయి. పాలపొడి కూడా కొలత దాటొద్దు, పాలలో ఉండే లాక్టోజ్ వాటికి అరగదు, నేనైతే పాలపొడి సగానికి తగ్గించి వేయించిన శనగపిండి వేస్తా. మీ సొంత పెట్టెల్లో రోగం లేదని గ్యారంటీ ఉంటే సీజన్‌లో దాచిన పుప్పొడి కొంచెం కలిపితే ఇష్టంగా తింటాయి. పుట్ట ఈగలు కొన్నిసార్లు బిళ్ళ వైపు కూడా చూడవు, వారం చూసి తీసేయండి, బూజు పట్టనివ్వొద్దు, మైనపు పురుగుకి అది ఆహ్వానం.

ఇక సీజన్‌కి ముందు జనాభా పెంచే లెక్క. ఇటాలియన్ ఈగ గుడ్డు నుంచి బయటికి రావడానికి 21 రోజులు. వచ్చిన వెంటనే పువ్వుల మీదికి పోదు, దాదాపు మూడు వారాలు గూట్లోనే గదులు ఊడవడం, పిల్లల్ని సాకడం, కాపలా. ఆ తర్వాతే బయటి పని. అంటే ఈరోజు పెట్టిన గుడ్డు మీకు తేనె తేవడానికి ఆరు వారాలు పడుతుంది. పుట్ట ఈగలకి ఒకట్రెండు రోజులు అటూ ఇటూ. కాబట్టి పూత మొదలైన రోజు సిరప్ మొదలుపెడితే మీరు పెంచేది పూత అయిపోయాక పనికొచ్చే ఈగల్ని, వాటికి తినడానికి ఉండదు, మళ్ళీ మీరే చక్కెర పెట్టాలి!

మా దగ్గర రబీ పొద్దుతిరుగుడు విత్తనం పడిన తర్వాత సుమారు 55, 60 రోజులకి పూత అందుకుంటుంది. అందులోంచి 42 రోజులు వెనక్కి లెక్కేస్తే విత్తిన రెండు వారాల తర్వాత, మొక్క ఇంకా జానెడు ఉన్నప్పుడు సిరప్ మొదలుపెట్టాలి. పక్క రైతుని "ఎప్పుడు విత్తావు మామా" అని అడిగి క్యాలెండర్ మీద రాసుకుంటా నేను. అదే మామని పూత మీద మందు కొట్టొద్దని, తప్పదంటే పొద్దు కూకినాక కొట్టమని కూడా ఇప్పుడే మాట తీసుకుంటా, పువ్వు విచ్చాక అడిగితే లాభం లేదు. రోజు విడిచి రోజు పావు లీటరు, పలచటిది, ఆపకుండా. మధ్యలో వారం మర్చిపోతే రాణి మళ్ళీ తగ్గిస్తుంది, పెరిగిన పిల్లలు పస్తులుంటారు. మొదలుపెడితే చివరిదాకా చేయగలిగితేనే మొదలుపెట్టండి, లేకపోతే వద్దు. పెట్టె మరీ నిండిపోతే గుంపు విడిపోయి పోతుంది, రాణి గదులు కడుతున్నాయేమో వారానికోసారి చూసుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, మీకు లెక్క వేరు, చలికాలం మొత్తం గూట్లో ఉన్నదే తినాలి, అందుకని చలి పట్టకముందే చిక్కటి సిరప్ పెట్టి బరువు నింపేయాలి, చలి ముదిరాక నీళ్ళ సిరప్ తాగవు, గట్టి చక్కెర ముద్దలే. మనకి చలి సమస్య కాదు, ఎండ సమస్య. ఏప్రిల్, మే నెలల్లో చక్కెర కన్నా ముందు నీడ, పక్కనే గులకరాళ్ళు వేసిన నీళ్ళ పళ్ళెం చూడండి, నీళ్ళు లేకపోతే దాచుకున్న గట్టి తేనెని కూడా కరిగించుకుని తినలేవు.

ఆపేది ఎప్పుడు అంటే, పూత మొదలవ్వడానికి కనీసం పది, పదిహేను రోజుల ముందు. తేనె తీసే పై గది ఉండగా సిరప్ పెట్టారంటే అది తేనె కాదు, మీకు తెలియకుండానే కల్తీ. ఈగ దాచింది కదా, సీల్ కూడా వేసింది కదా అంటారు, ఈగ సీల్ వేసినా చక్కెర చక్కెరే. ల్యాబులో దొరికిపోతుంది కూడా. చెరకు, మొక్కజొన్న ఒక రకం మొక్కలు, వేప, కానుగ, పొద్దుతిరుగుడు ఇంకో రకం, రెండూ గాల్లోంచి కార్బన్ తీసుకునే పద్ధతి వేరు, ఆ తేడా చక్కెరలో గుర్తులా మిగిలిపోతుంది. దాన్నే సి4 టెస్ట్ అంటారు, మన రూల్స్‌లో తేనెలో ఆ చెరకు రకం చక్కెర 7 శాతం దాటకూడదు. నేను చేసేది ఏంటంటే, సీజన్‌లో మొదట నిండిన ఫ్రేముల మీద మార్కర్‌తో "ఈగలది" అని రాసి పక్కన పెట్టేస్తా, అందులో సిరప్ కొంత ఉండే ఉంటుంది, అది మళ్ళీ వానాకాలంలో వాటికే ఇస్తా. కొనేవాళ్ళు ఎవరైనా "చక్కెర పెడతారా" అని అడిగితే, పెడతా, ఫలానా నెలల్లో పెడతా, ఆ ఫ్రేములు ఇవిగో అని చూపిస్తా. చాలామంది ఆ మాటకి వెనక్కి పోతారనుకున్నా మొదట్లో, పోయింది ఇద్దరో ముగ్గురో.

ఆపిన రోజే ఫీడర్లన్నీ తీసి, వేడినీళ్ళలో కడిగి, ఎండలో బోర్లించండి. కొబ్బరి చిప్పలైతే కడగడం కూడా దండగ, పొయ్యిలో వేసి కొత్తవి తెచ్చుకోండి.